సగం నొక్కమన్న అమ్మాయి

హలో... ఆఁ, వినపడుతోందాండీ? అందరూ బావున్నారా? పొయ్యి మీద ఏదైనా ఉంటే దింపేసి వచ్చి చదవండి, ఈ కథకి తొందరేం లేదు. చదువుతుంటే కోపం వస్తే మాత్రం ఆపుకోకండి. రావలసిన కోపమే అది. మన రాజోలు దానం గారు కొత్త కెమెరా కొనుక్కున్న కథ ఇది.

రాజోలు బస్టాండు పక్క సందులో దానం గారి ఫొటో స్టూడియో ఉండేది. రెండువేల ఆరు నాటి మాట. అప్పటికే ఊరంతా డిజిటల్, డిజిటల్ అని కలవరిస్తోంది. దానం గారు మాత్రం ఇనప దిమ్మలాంటి తన పాత రీలు కెమెరానే మెళ్ళో వేసుకుని పెళ్ళిళ్ళకీ, సమర్తలకీ, చర్చి పండగలకీ తిరిగేవారు. ఆయన పని తీరు వేరు. దూరం తనే లెక్కగట్టుకుని, కటకం చుట్టూ ఉన్న రింగు తిప్పి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి నొక్కేవారు. ఒకటంటే ఒకటే నొక్కు. తాళి కట్టేటప్పుడు పెళ్ళికొడుకు వేళ్ళు ముడి మీద ఉన్న క్షణమే పడాలి, దానికి ముందూ కాదు, వెనకా కాదు. రీలుకి ముప్పై ఆరే గదండీ, మరి. "నొక్కేవాడికి రెండో ఆలోచన ఉండకూడదు" అనేవారు. ఆ మాట నమ్మే ఇరవై ఏళ్ళు బతికేరు. ఆ మాటే కొంప ముంచబోయింది.

ఒక శుక్రవారం సాయంత్రం కువైట్ నించి ఫోనొచ్చింది. చేసింది జయమ్మ. దానం గారి ఇంటి వెనక వీధి మనిషే. కూతురు శారోన్ ఇంకా గౌన్లు వేసుకుంటున్నప్పుడే ఇంటిపని చేయడానికి అక్కడికి వెళ్ళింది. మధ్యలో రాలేదు. ఆవిడ సెలవులూ ఆవిడ చేతిలో లేవు, పాస్‌పోర్టూ ఆవిడ చేతిలో లేదు. పిల్లని అమ్మమ్మే పెంచింది.

"అన్నయ్య గారండీ, ఆదివారం మా శారోన్‌కి బాప్తిస్మమండీ."

"తెలుసమ్మా. నేనే తీస్తున్నాను గదా ఫొటోలు."

"అదే చెప్దారని చేసేనండీ. వరసలో నించోబెట్టి తీసినవి నాకొద్దు. నీళ్ళలోంచి లేస్తది చూడండీ, అప్పటి మొహం కావాలి. నాకు బాప్తిస్మం ఇచ్చిందీ మన కాలవ రేవులోనే. మా అమ్మ ఒడ్డు మీద నించుని చూసింది నన్ను. మరి నా పిల్లని నేను చూడొద్దాండీ?"

"పడుద్దమ్మా. పూచీ నాది. కడిగించి పోస్టులో వేస్తాను" అన్నారు దానం గారు.

"పోస్టు కాదండీ. ఆదివారం సాయంత్రం నేను పనిచేసే ఇంటివాళ్ళమ్మాయి కంప్యూటర్లో చూపిస్తానంది. సోమవారం అందరూ ఊరెళ్ళిపోతారు. ఆ గదికి తాళం వేసేస్తారు. తర్వాత ఎవరు చూపిస్తారండీ నాకు? ఆ రోజుకారోజే పంపాలి."

రీలు కడగాలంటే అమలాపురం వెళ్ళాలి. ఆదివారం అక్కడ ల్యాబ్ తియ్యరు. అంటే డిజిటల్ కెమెరా ఉండాలి. ఉన్నదల్లా శనివారం ఒక్కరోజు. దానం గారు మెడలో ఉన్న పాత కెమెరాని చేత్తో తడుముకున్నారు.

"పంపుతానమ్మా" అన్నారు.

శనివారం పొద్దున్నే అమలాపురం బస్సెక్కేరు. గడియారస్తంభం దగ్గర ఒక కెమెరాల కొట్టు. పేరెందుకు లెండి. ఓనరు శ్రీరామచంద్రమూర్తి గారు. అద్దాల బీరువాలో సబ్బు పెట్టెల్లా వరసగా పేర్చిన కెమెరాలు. మూలన బిల్లుల బల్ల దగ్గర దివ్య అనే అమ్మాయి కూర్చుని ఉంది. డిగ్రీ చదువుతూ శని, ఆదివారాలు అక్కడ పనిచేస్తుంది.

"రండి దానం గారూ! ఆఖరికి మీరూ దిగేరన్నమాట" అంటూ మూర్తి గారు వెండిరంగు కెమెరా ఒకటి తీసి బల్ల మీద పెట్టేరు. అగ్గిపెట్టెకి అన్నలా ఉంది. "ఎనిమిది మెగాపిక్సెల్స్. ఇంకేం చూడక్కర్లేదు."

దానం గారు దాన్ని ఇటు తిప్పేరు, అటు తిప్పేరు. "కన్ను ఎక్కడ పెట్టాలండీ దీనికి?"

"కన్నెందుకండీ? వెనకాల టీవీ ఉంది గదా. చేతులు చాపి టీవీ చూసుకుంటూ తియ్యడమే."

"చేతులు చాపి తీస్తే ఒణుకుద్ది గదండీ. ఎండలో ఆ టీవీ కనపడుద్దా?"

"ఎనిమిది మెగాపిక్సెల్సండీ బాబూ!" అన్నారు మూర్తి గారు. అదే అన్నిటికీ జవాబు. కన్నం లేదేమంటే ఎనిమిది. పట్టుకోడానికి జారిపోతోందేమంటే ఎనిమిది. బియ్యం ముక్కిపోయాయేమండీ అంటే, బస్తా మీద ఎంత తూకం రాసుందో చూడండి అన్నట్టు!

దానం గారికి అప్పుడే ఒళ్ళు మండడం మొదలైంది. అయినా తమాయించుకున్నారు. "నాకు కావలసింది ఒకటేనండీ. నొక్కినప్పుడు పడాలి. చూస్తాను ఉండండి" అని కొట్టు గుమ్మంలోకి వెళ్ళేరు. రోడ్డు మీద కొబ్బరికాయల లారీ వస్తోంది. దాని ముందద్దం ఎదురుగా రాగానే ఠక్కున నొక్కేరు. కెమెరా లోపల ఏదో గుర్రుమంది, ముక్కు ముందుకీ వెనక్కీ కదిలింది, అప్పుడు తీరిగ్గా కిచుక్కుమంది. వెనకాల టీవీలో లారీ లేదు. లారీ వెనక దిష్టికి కట్టిన పాత చెప్పు మాత్రం ఉంది.

"చూడండీ! ముందద్దం తీస్తే చెప్పొచ్చింది."

"చెప్పు ఎంత క్లియర్‌గా ఉందో చూడండి మరి" అన్నారు మూర్తి గారు.

ఏమనాలండీ అలాంటి మనిషిని?

రెండోది ఎర్రది. దాంతో సైకిలు మీద వస్తున్న మనిషిని తీస్తే వెనక చక్రం వచ్చింది. మూడోది కొంచెం లావుగా, మొద్దుగా ఉంది. ఒక మూలన చిన్న కన్నం ఉంది, కన్ను పెట్టుకోవచ్చు. మామూలు టార్చిలైటు బ్యాటరీలు పడతాయి. పట్టుకుంటే చేతిలో నిలిచింది. దానం గారికి ప్రాణం లేచొచ్చింది. కానీ అదీ అంతే. నొక్కడం ఇప్పుడు, పడడం తర్వాత.

"అది పాత మోడల్ లెండి, ముసలాళ్ళు పట్టికెళ్తారు" అన్నారు మూర్తి గారు.

"నేనూ ముసలాడినే. కానీ ఇదీ ఆగుతోంది గదండీ!"

అప్పుడు బిల్లుల బల్ల దగ్గర నించి దివ్య లేచింది. "బాబాయి గారండీ, ఒక్కసారిగా నొక్కేత్తే అలాగేనండీ. ముందు సగం నొక్కి..."

"సగం నొక్కడమేంటమ్మా!" అని దానం గారు ఇంతెత్తున లేచేరు. పొద్దున్నించీ మూర్తి గారి మీద మండుతున్నదంతా పాపం ఆ పిల్ల మీద పడింది. "సగం నొక్కితే తుపాకీ సగం పేలుద్దా? నేను పెళ్ళిళ్ళు తియ్యడం మొదలెట్టినప్పటికి నువ్వు పుట్టలేదు!"

"అది కాదండీ, సగం నొక్కి ఆగితే..."

"దివ్యా, నువ్వు బిల్లు రాయమ్మా" అన్నారు మూర్తి గారు. "ఆయనకి నువ్వు నేర్పుతావా? దానం గారూ, కొంచెం ముందే నొక్కెయ్యండి, సరిపోద్ది. రెండ్రోజుల్లో చెయ్యి అలవాటైపోద్ది."

ఆ అమ్మాయి కూర్చుని బిల్లు రాసింది. ఆ క్షణం కొట్టులో ఉన్న ముగ్గురిలో కెమెరా సంగతి తెలిసింది ఆ ఒక్కదానికే. మిగతా ఇద్దరూ కలిసి దాని నోరు మూయించేరు. ఒకాయనది అమ్ముకునే తొందర, ఇంకొకాయనది ఇరవై ఏళ్ళ అనుభవం. ఏది ఎక్కువ హాని చేసిందో చెప్పడం కష్టం.

దానం గారు లావు కెమెరాయే కొన్నారు. కన్ను పెట్టుకునే కన్నం ఉంది గదా, అదే ధైర్యం.

ఆదివారం ఆరాధన అయ్యేక అందరూ పాటలు పాడుకుంటూ కాలవ రేవుకి వచ్చేరు. ఎండ ఫెళ్ళుమంటోంది. నీళ్ళ మీద అద్దం ముక్కలు చల్లినట్టు మెరుపు. అవతలి గట్టు మీద కొబ్బరిచెట్ల నీడలు నీళ్ళలో ఊగుతున్నాయి. ఆ పక్కన ఎవరిదో గేదె మెడదాకా దిగి, తనకేం పట్టనట్టు నెమరేస్తోంది. తెల్లబట్టలతో ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. ముందు సంఘపెద్ద సాలమోను గారబ్బాయి రాజ్ కుమార్. తర్వాత నూకయ్య తాత. ఆఖర్న శారోన్. శారోన్ అమ్మమ్మ రేవు మెట్టు మీద తువ్వాలు పట్టుకుని నించుంది.

పాస్టరు అయ్యగారు నడుంలోతు నీళ్ళలో నించుని రాజ్ కుమార్‌ని దగ్గరికి తీసుకున్నారు. వాక్యం చెప్పి, వెనక్కి వంచి ముంచేరు. లేపేరు. తల నీటి పైకి రాగానే దానం గారు నొక్కేరు. కెమెరా గుర్రుమంది. నీళ్ళ మెరుపులో దానికి ఏం చూడాలో తెలియలేదు. ముక్కు ముందుకి పెట్టింది, వెనక్కి లాక్కుంది. ఈలోపల రాజ్ కుమార్ వాళ్ళ బాబాయి చెయ్యందించి కుర్రాణ్ణి గట్టు మీదకి లాగేశాడు. అప్పుడు కిచుక్కుమంది.

దానం గారు ఎండకి చుట్టుకున్న తలపాగా విప్పి, తల మీదా కెమెరా మీదా కలిపి కప్పుకుని, ఆ చీకట్లో వెనక టీవీ చూశారు. నీళ్ళు. గుండ్రంగా విచ్చుకుంటున్న అలలు. అయ్యగారి చొక్కా చెయ్యి. గేదె.

"ఏదండీ, మా వోడేడండీ?" అంటూ సాలమోను గారు ఆ తలపాగాలోకే తల దూర్చేరు. "ఇదేంటి! గేదెకిచ్చేరా బాప్తిస్మం?"

"కెమెరా ఆగిందండీ..."

"కెమెరా ఆగడమేంటండీ? మా వోడు ఆగలేదుగా! అయ్యగారండీ, ఫొటో రాలేదంట. ఇంకోసారి ముంచుదురూ!"

అయ్యగారు నీళ్ళలో నించే, "ఒకటే బాప్తిస్మం సాలమోనూ. ఫొటో కోసం రెండోది లేదు" అన్నారు. ఒడ్డు మీద జనం నవ్వేరు. దానం గారి మొహం కందగడ్డలా అయింది. పెళ్ళిళ్ళలో పురోహితుడిని ఆగమన్న మనిషి కాదు ఆయన. ఎవరినీ ఏదీ రెండోసారి చెయ్యమని అడిగింది లేదు.

నూకయ్య తాత దిగేడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టినా నీళ్ళంటే తాతకి చచ్చేంత భయం. అందుకే ఇన్నాళ్ళూ వాయిదా వేసుకుంటూ వచ్చేడు. మునక్కముందే అయ్యగారి మెడ కరిచి పట్టుకున్నాడు. ఈసారి దానం గారు మూర్తి గారి సలహా పాటించి ముందే నొక్కేరు. తాత లోపల కాళ్ళు కొట్టుకుంటూ మెలికలు తిరిగేడు. అయ్యగారికి లేపడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. కెమెరా మాత్రం ఈసారి తొందరగా తీసేసింది. తలపాగాలో చూస్తే మళ్ళీ నీళ్ళు. ఆ నీళ్ళలోంచి పైకి లేచిన నూకయ్య తాత బొటనవేలు.

వెనక పడితే లేదు, ముందు పడితే లేదు. ఏ కెమెరా అండీ ఇది, మనిషి కోసం చేసిందేనా? దానం గారికి ఆ కెమెరాని కాలవలో గిరాటెయ్యాలనిపించింది. ఎనిమిది, ఎనిమిది అని అంకె చదివిన ఆ నోరు గుర్తొచ్చింది. "రెండ్రోజుల్లో అలవాటైపోద్ది" అన్న మాట గుర్తొచ్చింది. రెండ్రోజులు ఎక్కడున్నాయి? శారోన్ అప్పుడే చెప్పులు విడిచి మెట్లు దిగుతోంది. కువైట్‌లో ఒక మనిషి అంట్లు తోముకుంటూ గడియారం చూస్తోంది.

"మావయ్య గారండీ" అంది శారోన్ పక్కనించి వెళ్తూ, మెల్లిగా. "అమ్మకి పడుద్దాండీ?"

దానం గారు కెమెరా కంటికి ఆనించుకున్నారు. ముందు నొక్కాలా, వెనక నొక్కాలా అన్న ఆలోచనలోనే వేలు మీట మీద పూర్తిగా దిగకుండా మధ్యలో ఆగింది. కెమెరా గుర్రుమని, ముక్కు సర్దుకుని, పిట్టలా కీచుమని ఆగిపోయింది. కన్నం పక్కన ఆకుపచ్చ దీపం వెలిగింది. కదలకుండా వెలుగుతూనే ఉంది. నిండా నొక్కితే గదా తీసేది. నొక్కకుండా పట్టుకుంటే... అది చూసుకోవలసింది చూసేసుకుని, ఆయన కోసం కాచుకుని కూర్చుంది.

సగం నొక్కి ఆగితే.

ఆ పిల్ల చెప్పబోయింది ఇదే! రెండుసార్లు చెప్పబోయింది!

దానం గారు వేలు తీసి, శారోన్ నించున్న చోటికి గురిపెట్టి, మళ్ళీ సగం నొక్కేరు. దీపం వెలిగింది. అలాగే పట్టుకున్నారు. అయ్యగారు వాక్యం చెప్పేరు, ముంచేరు. నీళ్ళు మూసుకున్నాయి. ఒడ్డు మీద అమ్మమ్మ తువ్వాలు గుండెకి అదుముకుంది. నీళ్ళు చీల్చుకుని మొహం పైకొచ్చింది.

నొక్కేరు. ఠక్. రీలు కెమెరాలాగే, అప్పటికప్పుడే.

తలపాగా కింద చూసుకుంటే ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి ఊపిరి లాగుతున్న శారోన్. గడ్డం మీంచి ధార. చెంపకి అతుక్కున్న జుట్టు. అయ్యగారి చొక్కా పట్టుకున్న పిడికిలి. అందంగా లేదు. నిజంగా ఉంది.

సాయంత్రం బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో ఫొటో పంపించేరు. మెషీన్ దగ్గర కూర్చున్న కుర్రాడు, "ఈ రెండూ నీళ్ళేనండీ, చెరిపెయ్యమంటారా?" అని అడిగాడు.

"చెరపడమేంటి! నెగెటివ్ ఎవరైనా చింపుకుంటారా? ఉంచు. రేపు అమలాపురంలో ఒకాయనకి చూపించాలి."

ఫోను మోగింది. జయమ్మ. ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"చూసేవామ్మా?"

"ఆయ్. చూసేనండీ. ముక్కు మూసుకోలేదేంటండీ మా పిల్ల? నేనైతే మూసుకున్నాను." నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిసిపోయాయి. "మిగతా ఇద్దరివీ రాలేదంట గదండీ? శారోన్ చెప్పింది ఫోన్లో. ఉత్తి నీళ్ళొచ్చేయంట."

దానం గారికి మళ్ళీ రోషం వచ్చేసింది. "ఆ కొట్టువాడి పాపమమ్మా అది. రేపు వాడి సంగతి..."

"అవీ పంపండి అన్నయ్య గారండీ."

"నీళ్ళేనమ్మా. మనుషులు లేరు."

"మన కాలవే గదండీ. ఇక్కడ బక్కెట్లో నీళ్ళు తప్ప నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో. కొబ్బరిచెట్ల నీడ పడిందాండీ అందులో?"

"పడిందమ్మా. ఎవరిదో గేదె కూడా ఉంది."

"పంపండి. బేగా పంపండి, ఈ అమ్మాయి కంప్యూటర్ కట్టేత్తాదంట."

పంపేరు.

సోమవారం దివ్య కాలేజీకి వెళ్ళే ముందే కొట్టుకి చేరాలని దానం గారు మొదటి బస్సే ఎక్కేరు. మిగతా రోజుల్లోనూ పొద్దున్న ఒక గంట లెక్కలు రాసి వెళ్తుందని తెలుసుకున్నారు. వెళ్ళేసరికి కొట్టులో కొత్తపేట నించి వచ్చిన టీచరు భవానీదేవి గారు కెమెరా చూస్తున్నారు. మూర్తి గారు అప్పుడే వెండిరంగుది బయటికి తీస్తున్నారు. "ఎనిమిది మెగాపిక్సెల్స్ మేడమ్, ఇంకేం..."

"ఆగండి మూర్తి గారూ" అని దానం గారు తన కెమెరా బల్ల మీద పెట్టేరు. "ముందు ఇవి చూడండి. ఇది మీరు నొక్కమన్నట్టు నొక్కితే వచ్చిన బాప్తిస్మం. మనిషి ఏడీ?"

మూర్తి గారు చూసి, "నీళ్ళు బాగా..." అనబోయి, ఆయన మొహం చూసి ఆగేరు. "కెమెరాతో ఇచ్చిన పుస్తకంలో అంతా రాసుంటదండీ. చదువుకోవాలి మరి."

"ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో! అది మీరు చదివేరా?"

మూర్తి గారు బీరువా అద్దం తుడవడం మొదలెట్టేరు.

"మీరూ చదవలేదు, నేనూ చదవలేదు. చదివిన పిల్ల ఇక్కడే కూచుని ఉంది. అది చెప్తుంటే బిల్లు రాయమన్నారు మీరు. నేను తుపాకీ అన్నాను. సాలమోను గారబ్బాయి మొహం పోయింది, నూకయ్య తాతకి బొటనవేలే మిగిలింది. ఇంకొక్క క్షణమైతే ఒక తల్లికి పిల్ల మొహం పోయేది! ఎవరిస్తారండీ అది తిరిగి? మీ ఎనిమిదిలో ఎన్ని తీసి ఇస్తారు?"

"సర్లెండి, ఎందుకంత ఆవేశం. పనికిరానివి రెండే గదా, చెరిపేస్తే సరి" అని మూర్తి గారు కెమెరా మీదకి వేలు చాపేరు.

దానం గారు కెమెరా గబుక్కున లాక్కున్నారు. "ముట్టుకోకండి! వాటిని కువైట్‌లో ఒక మనిషి నిన్న అడిగి తెప్పించుకుంది. మీకేం తెలుసు ఏది పనికొస్తుందో!"

దానం గారు బిల్లుల బల్ల వైపు తిరిగేరు. గొంతు దిగింది. "అమ్మాయ్. మొన్న నీ మీద అరిచేను. తప్పు నాది. నువ్వు చెప్పబోయిందే నన్ను కాపాడింది."

దివ్య కలం కింద పెట్టింది. "అయ్యో, ఎంతమాటండీ. పడిందాండీ అయితే?"

"పడింది. చూడు." శారోన్ మొహం చూపించేరు. ఆ అమ్మాయి చాలాసేపు చూసింది.

భవానీదేవి గారు వెండిరంగు కెమెరాని పక్కకి జరిపేరు. "ఏదమ్మా, ఆ సగం నొక్కుడేదో నాకూ చూపించు. ఏది కొనాలో కూడా నువ్వే చెప్పు."

మూర్తి గారు నోరు తెరిచేరు. దానం గారు బిల్లుల పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టేరు.

"బిల్లు మీరు రాయండి మూర్తి గారూ."

అదండీ సంగతి. ఇది మీ ఊళ్ళో కొట్టు పెట్టుకున్నవాళ్ళకి ఒకసారి పంపండి. మూలన కూర్చోబెట్టి ఎవరి నోరైనా మూయిస్తున్న పెద్దమనుషులు మీ చుట్టాల్లో ఉంటే వాళ్ళకి రెండుసార్లు పంపండి. గల్ఫ్‌లో మనవాళ్ళెవరైనా ఉంటే మాత్రం ఉత్త కథ పంపకండి. దాంతోపాటు మీ కాలవ ఫొటో ఒకటి, మనుషులు లేకపోయినా ఫరవాలేదు, జతచేసి పంపండి.